సగం వినిపించిన నవల

అక్క పొద్దున్నే ముందుగదిలో ఇస్త్రీ చేస్తోంది. వీధిలోవాళ్ల బట్టలన్నీ ఆ ఇంటికే వస్తాయి. నలభై దాటిన మనిషి. వేడికి జుట్టు నుదుటికి అంటుకుపోయింది.

మోటార్లు బాగుచేసే తమ్ముడు మార్చుకోవడానికి చొక్కా కోసం బట్టల కుప్ప కెలికితే అడుగున ఓ నవల దొరికింది. పాత పుస్తకాల బండి మీద కొన్నది. వెన్ను ఊడిపోయింది. అట్ట మీద పాడుబడ్డ కోట, మెట్ల మీద కొవ్వొత్తి పట్టుకున్న ఆడమనిషి.

"దెయ్యాల కథా అక్కా?" అంటూ మడత పెట్టిన పేజీ తీసి గట్టిగా చదివాడు. "'గొంతుదాకా వచ్చిన అతని పేరును ఆమె మింగేసింది. తాళం వేసిన తలుపుకు చెంప ఆనించి, అవతల అతని ఊపిరి వింది...' అబ్బో!"

"ఇలా ఇవ్వు," అంది అక్క తలెత్తకుండా.

వంటింట్లోంచి అతని భార్య వచ్చింది. "ఏవండీ, వదినగారి పుస్తకం ఇచ్చేయండి. పొద్దున్నే ఏం సరదా ఇది?"

"సరదానా? ఈ వయసులో ఇవి ఎవడిస్తున్నాడో అడుగు! మూల కొట్లో దర్జీగాడేగా? సాయంత్రమైతే అక్కడే కూర్చుంటోందని వీధంతా నవ్వుతోంది."

"ఆయనకి చదవడం రాదురా. నేనే కొన్నాను. రోజూ కాస్త చదివి వినిపిస్తున్నాను. నచ్చిన చోట మిషన్ తొక్కడం ఆపేస్తాడు," అంది అక్క. "పెళ్లి చేసుకుందాం అన్నాడు. సరేనన్నాను."

తమ్ముడు నవలను నిలువునా చీల్చాడు.

ఇస్త్రీపెట్టె ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. ప్లగ్గు ఊడొచ్చింది. కాలుతున్న ఇనుము అతని ముంజేతికి తగిలి నేలమీద పడింది. చర్మం కాలిన వాసన. అతను అరుస్తూ అక్క జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. ఆమె పెదవి చిట్లింది. ఆమె అతని భుజం కొరికింది.

భార్య బిందెడు నీళ్లు తెచ్చి ఇద్దరి మీదా గుమ్మరించింది. "కుక్కల్ని విడదీసినట్టు విడదీయాలా మిమ్మల్ని?"

ఆ నీళ్లు కాలిన చేతి మీద కూడా పడ్డాయి, అదే నయం.

అక్క గోడకి జారబడి నెత్తురు ఉమ్మింది. "చిన్నప్పుడు నన్ను చూడ్డానికొచ్చినవాళ్ల మీద రాళ్లు విసిరావు. తల పగిలిన పెళ్లికొడుకు మళ్లీ రాలేదు. అమ్మ లేని పిల్లాడు, నేనూ పోతానని భయపడ్డాడులే అని నిన్ను ఒళ్లో పడుకోబెట్టుకున్నా. ఇప్పుడు నీకు పెళ్లాం ఉంది, ఇల్లుంది. ఇంకా ఏం భయంరా నీకు?"

అతను తడి నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"అదే భయం అక్కా," అన్నాడు చివరికి.

ఆమె దగ్గరికి రాలేదు, ఓదార్చలేదు. కన్నీళ్లు కారుతున్నా కొంగుతో తన పెదవే ఒత్తుకుంది. అతను చేతికి తడిగుడ్డ చుట్టుకుని బయటికి నడిచాడు.

మూల కొట్లో దర్జీ మిషన్ ఆపాడు. ఎదురుగా తమ్ముడు, ఎర్రబడ్డ కళ్లు, చొక్కా మీద నెత్తుటి మరక. లేచి కత్తెర దూరంగా పెట్టాడు. కళ్లజోడు తీసి జేబులో దాచుకుని, దెబ్బకి సిద్ధంగా చెంప ఇటు తిప్పి నిలబడ్డాడు.



"కళ్లజోడు పెట్టుకో బావా," అన్నాడు తమ్ముడు. "అక్క ఏడుస్తోంది. ఇంటికి రా."