ఎనిమిదో నంబరు ఆటగాడి మోకాళ్ళు

శనివారం ఉదయం ఎనిమిదింటికి హోల్గర్ వీచోరెక్ హోటల్ గదిలో లేడు.

మధ్యాహ్నం మూడున్నరకు ఫుట్‌బాల్ మ్యాచ్. సీజన్‌లో ఆఖరిది. గెలిస్తే ఎర్లెన్‌బుర్గ్ జట్టు పై లీగ్‌లో ఉంటుంది. ఓడితే కిందికి పోతుంది. ముప్ఫై నాలుగేళ్ళ హోల్గర్‌కు కూడా అదే ఆఖరి ఆట. పదిహేనేళ్ళుగా ఒకే జట్టు, ఒకే నంబరు. ఎనిమిది. మిడ్‌ఫీల్డ్‌లో అతను లేని ఎర్లెన్‌బుర్గ్‌ను ఊళ్ళో కుర్రకారు చూసి ఎరగరు.

సొంత ఊళ్ళో మ్యాచ్ అయినా ముందు రాత్రి జట్టంతా హోటల్లోనే పడుకోవాలి. ఆ హోటల్‌కే పిలిచారు ఇన్‌స్పెక్టర్ ఎల్కే డ్రోస్టను. శనివారం ఆమెకు బట్టలుతుక్కునే రోజు. ఆ చిరాకు ముఖం మీద దాచుకోకుండానే వచ్చింది.

గది చూసింది. ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. పర్సు దిండు పక్కనే ఉంది. ఇనుప మేకుల మ్యాచ్ బూట్లు తుడిచి కిటికీ దగ్గర పెట్టి ఉన్నాయి. కిటికీ అవతల మే నెల ఎండ కాస్తోంది.

"పేపరోళ్ళకి మాత్రం తెలియనివ్వకండి మేడమ్. మమ్మల్ని నంజుకు తినేస్తారు." మేనేజర్ రూలాండ్ గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతున్నాడు.

"ఎవరి మీదైనా అనుమానమా?"

"ఎవరో కొనేసుంటారు. లేకపోతే ఈరోజే మాయమవుతాడా?"

"కొంటే అమ్ముడుపోయి మైదానంలో చెత్తగా ఆడతాడు. పర్సు వదిలేసి పారిపోతాడా?"

రూలాండ్ ఇంకో మూలకు నడిచాడు.

జట్టు డాక్టర్ లీవెన్ గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఒంట్లో ఏమైనా తేడా ఉందా?"

"గుర్రంలా ఉన్నాడు."

"ఫిబ్రవరిలో ఇంకొకడితో తలా తలా గుద్దుకుని పడిపోయాడు. టీవీలో చూశాను."

"అక్కడే పరీక్ష చేశాను. ఐదు ప్రశ్నలడిగాను. ఇది ఏ ఊరు, ఎన్నో సగం, చివరి గోల్ ఎవరిది... ఐదూ టకటకా చెప్పాడు. మళ్ళీ దింపాను."

"ఎప్పుడూ ఆ ఐదేనా?"

"అవే. అందరికీ."

గదిలో రెండో మంచం గోల్‌కీపర్ బ్యూకర్‌ది. తలుపంత మనిషి. గొంతు మాత్రం పీలగా, బొంగురుగా వచ్చింది.

"నేను లేచేసరికే లేడు మేడమ్."

"గొంతుకేమైంది?"

"అరుస్తాను కదా. గోల్‌కీపర్ అరవకపోతే డిఫెన్స్ నిద్రపోతుంది."

"రేడియో పెడితే మీ అరుపు మా వంటింట్లో మోగుతుంది. చేపల మార్కెట్ మొదలైందంటాడు మా ఆయన." ఎల్కే అతని దగ్గరికి జరిగింది. "ఎప్పుడూ హోల్గర్ పేరే వినిపిస్తుంది. డిఫెన్స్ వాళ్ళ పేర్లు వినిపించవు. ఎందుకని?"

బ్యూకర్ కిటికీ వైపు చూశాడు.

హోల్గర్ భార్య గెసా అతని మంచం అంచున కూర్చుని ఉంది. ఏడవడం లేదు. అతని చొక్కా ఒళ్ళో పెట్టుకుని మడతలు పెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ పెడుతోంది.

"మీకేమైనా తెలుసా?"

"వెతకండి." అంతే అంది.

ఎల్కే బాత్‌రూమ్‌లోకి వెళ్ళింది. సింకు మీద మూత తీసిన వాజలిన్ డబ్బా ఉంది. కొత్తది. సగం ఖాళీ. వేళ్ళతో తోడిన గాడులు కనిపిస్తున్నాయి. నేల మీద కూడా ఒక ముద్ద పడి ఉంది.

"డాక్టర్, ఇది మీరిచ్చారా?"

"మసాజ్‌కి మేం వాడేది నూనె. పెదాలకి రాసుకున్నాడేమో."

"సగం డబ్బానా? ఎన్ని పెదాలున్నాయి అతనికి?"

మళ్ళీ గదిలోకొచ్చి అలమార తెరిచింది. "ట్రైనింగ్‌కి వేసుకునే అడుగున రబ్బరు పొక్కులుండే బూట్లు ఏవి?"

బ్యూకర్ మంచం కింద చూశాడు. లేవు.

ఎల్కేకు కుడి మోకాలు దురద పెట్టింది. గోక్కోబోయి ఆగిపోయింది. చర్మం కింద నాలుగు నల్లటి నలుసులు నలభై ఏళ్ళుగా అక్కడే ఉన్నాయి. పధ్నాలుగేళ్ళప్పుడు అన్నయ్యలతో ఆడుతూ జారిపడితే దిగబడ్డాయి.

"గెసా, మీ ఆయన చిన్నప్పుడు ఏ మైదానంలో ఆడాడు?"

"హెర్మినా గని పక్కన. ఇప్పుడు దాన్ని తవ్వేస్తున్నారు."

"పదండి."

హెర్మినా గని మూసేసి చాలా కాలమైంది. దాని పక్కన మైదానం సగం మిగిలింది. మిగతా సగం గుంటలు. గడ్డి పరకన్నది లేదు. బొగ్గు బూడిద, రాతి నుసి కలిపి పరిచిన ఎర్ర నేల. ఈ ప్రాంతంలో పాత తరమంతా దాని మీదే ఆట నేర్చుకుంది, దాని మీదే తోలు ఊడగొట్టుకుంది.

హోల్గర్ మైదానం అంచు గీత వెంట ఒంటరిగా పరిగెత్తుతున్నాడు. బంతి లేదు. మోకాళ్ళు, తొడలు ఎండలో నిగనిగ మెరుస్తున్నాయి.

వాళ్ళను చూసి ఆగాడు. మర్యాదగా నవ్వాడు.

"ఆంటీ, ట్రైనింగ్ ఇంకా మొదలెట్టలేదేంటి? కోచ్ రాలేదా?"

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఎల్కే శవాల ముందు కూడా తడబడలేదు. ఇప్పుడు ఒక అడుగు వెనక్కి వేసింది.

గెసా దగ్గరికెళ్ళి అతని చెయ్యి పట్టుకుంది. అతను ఆ చేతిని చూశాడు. ఆమె ముఖం చూశాడు. చాలాసేపు చూశాడు.

"గెసా? నువ్వేంటిక్కడ? ఇవాళ మ్యాచ్ కదా!"

పదకొండున్నరకు అందరూ మైదానం పక్కనున్న రేకుల గదిలో చేరారు. హోల్గర్ బయట బెంచీ మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాడు.

"నేరం ఎవరిదో తరవాత చూద్దాం," అంది ఎల్కే. "ముందు వాజలిన్ సంగతి. గడ్డి మీద ఆడేవాడికి దానితో పనిలేదు. బూడిద నేల మీద ఆడే పిల్లలు దిగేముందు మోకాళ్ళకి దట్టంగా పట్టించేవాళ్ళు. జారినా తోలు ఊడకూడదని. ఇనుప మేకులు ఈ నేల మీద జారతాయి, అందుకే రబ్బరు బూట్లు. ఇవాళ పొద్దున హోటల్లో లేచింది ముప్ఫై నాలుగేళ్ళ హోల్గర్ కాదు. పదిహేనేళ్ళ హోల్గర్."

ఎల్కే లీవెన్‌ను చూసింది.

"డాక్టర్, మీ ఐదు ప్రశ్నలు ఎప్పుడూ మారవు. అతను వాటిని పిల్లలు ఎక్కాలు బట్టీ పట్టినట్టు పట్టాడు. కానీ చివరి గోల్ ఎవరిదన్నది మ్యాచ్ మ్యాచ్‌కీ మారుతుంది. అది ఎవరందించారు?"

బ్యూకర్ తల వంచుకున్నాడు. "నేనే మేడమ్. నీళ్ళిచ్చే వంకతో వెళ్ళి చెవిలో చెప్పాను. వాడే బతిమాలాడు. ఒరేయ్, ఈ ఒక్కసారికి, అన్నాడు. ఆ ఒక్కసారి ఇంతదాకా వచ్చింది."

"అరుపులూ అందుకేనా?"

"సగం అయ్యాక వైపులు మారతాం కదా. అప్పుడు వాడికి ఎటు వెళ్ళాలో తెలీదు. చెప్తే చాలు, కాళ్ళు వాటంతటవే ఆడేస్తాయి. అంత బాగా ఇంకెవడూ ఆడడు మేడమ్. అదే కదా ఖర్మ."

ఎల్కే గెసా వైపు తిరిగింది. "మీకు తెలుసు."

"చెంచాలు ఎక్కడుంటాయో రోజూ అడుగుతాడు. ఇవాళ్టితో అయిపోతుంది, సోమవారం పెద్ద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దామనుకున్నా." గెసా కిటికీలోంచి భర్తను చూసింది. "ఆట కూడా ముందే లాగేసుకుంటే ఇక తనకేం మిగులుతుందండీ?"

రూలాండ్ వాచీ చూసుకున్నాడు. "దొరికాడు కదా. ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఇంకా టైముంది."

ఎల్కేకు ఒళ్ళు మండింది. "మీరు మనుషులేనా?"

"బయట ఇరవై వేలమంది వాడి కోసం వస్తున్నారు. నన్నేం చెయ్యమంటారు?"

"డాక్టర్, మీరు చెప్పండి. ఆడగలడా?"

లీవెన్ బయటికెళ్ళాడు. హోల్గర్‌ను ఐదు ప్రశ్నలడిగాడు. అవే ఐదు, ఈసారి పోయిన మ్యాచ్ మీద. తిరిగొచ్చి ఎల్కే ముఖం చూడకుండా అన్నాడు. "అన్నీ కరెక్టుగా చెప్పాడు."

ఆమె ప్రాసిక్యూటర్‌కు ఫోన్ చేసింది.

"మనిషి దొరికాడా?"

"దొరికాడు."

"తన పేరు, భార్య పేరు చెబుతున్నాడా? ఎవరైనా బలవంతం చేస్తున్నారా?"

"చెబుతున్నాడు. బలవంతం లేదు. కానీ సార్..."

"డాక్టర్ సరేనన్నాడా?"

"అన్నాడు."

"అయితే కేసేముంది డ్రోస్ట? ఫైలు మూసెయ్యండి."

ఆఖరికి హోల్గర్ దగ్గరికే వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. "ఆడొద్దు హోల్గర్. ఇంకో దెబ్బ తగిలితే భార్య పేరు కూడా మిగలదు."

అతను రొట్టె ముక్కలు దులుపుకున్నాడు. ఇప్పుడతని కళ్ళు తేటగా ఉన్నాయి. అది చూసే ఆమెకు ఎక్కువ భయమేసింది.

"తెలుసు మేడమ్. ఇంట్లో అన్నీ మర్చిపోతున్నా. మైదానంలో కాళ్ళకి అన్నీ తెలుసు. ఈ ఒక్కరోజు వదిలెయ్యండి."

కారెక్కేముందు బ్యూకర్ ఆమె పక్కన ఆగాడు. "ఇవాళ నేనరవను మేడమ్. నావల్ల కాదు. అరవకపోతే కోచే వాణ్ణి బయటికి లాగేస్తాడు."

మ్యాచ్‌కు ఎల్కే వెళ్ళింది. వెళ్ళి చేసేదేమీ లేదు. అయినా ఇంట్లో కూర్చోలేకపోయింది. రెండో సగంలో బ్యూకర్ నిలబడే గోల్ వెనకాల, పోలీసుల గేటు దగ్గర నిలబడింది.

మొదటి సగంలో హోల్గర్ అద్భుతంగా ఆడాడు. ఎవరికీ గోల్ పడలేదు.

రెండో సగం మొదలైంది. వైపులు మారాయి. బంతి హోల్గర్ కాలికి వచ్చింది. అతను తిరిగి సొంత గోల్ వైపు నాలుగడుగులు వేశాడు. ఆగాడు. తల ఎత్తి బ్యూకర్‌ను చూశాడు.

బస్సులో స్టాపు దాటిపోయిన పిల్లాడి ముఖం.

స్టేడియం సద్దుమణిగింది. బ్యూకర్ పెదాలు బిగించాడు. అరవలేదు. ఎదుటి ఆటగాడు ఒకడు హోల్గర్ మీదికి వస్తున్నాడు.

"అటు కాదు హోల్గర్! వెనక్కి తిరుగు!"

అరిచింది ఎవరో ఎల్కేకు ముందు అర్థం కాలేదు. పక్కనున్న కానిస్టేబుల్ ఆమెనే చూస్తున్నాడు. గొంతు మండుతోంది.

హోల్గర్ తిరిగాడు. తిరగడంతోనే కాళ్ళకు అన్నీ గుర్తొచ్చాయి. ఒకణ్ణి తప్పించి పొడవాటి పాస్ కొట్టాడు. ఇరవై వేలమంది లేచి అతని పేరు పిలిచారు. రూలాండ్ కుర్చీలోంచి ఎగిరాడు. గెసా రెండు చేతుల్లో ముఖం దాచుకుంది.

అవతలి గోల్‌కీపర్ ఆ బంతిని అందుకున్నాడు. బలంగా తన్నాడు. అది ఆకాశంలోకి లేచి మైదానం నడుమకు దిగుతోంది.

దాని కిందికి హోల్గర్ పరిగెత్తాడు. ఎగిరి, తల పెట్టాడు.