రంపం సెక్షన్‌లో ఏం మారింది?

"మీ దగ్గర ఏం మారిందని రమ్మంటారు?" అని సేఫ్టీ ఆఫీసరమ్మాయి అడిగేసరికి, రంపం మిషన్ నడిపే కుర్రాడికి ఒళ్ళు మండింది.

బల్లలు, బీరువాలు చేసే ఆ ఫ్యాక్టరీలో ఎక్కడ ఏ ప్రమాదం పొంచి ఉందో అంచనా రాయడం ఆమె పని. మిషన్ మారినా, సామాను జరిగినా, కొత్త సరుకు వచ్చినా అంచనా మళ్ళీ రాయాల్సిందే. కొత్త పెయింటు వచ్చిందని వారం నుంచి ఆమె పెయింటు గదిని వదలట్లేదు. అక్కడి పెయింటరేమో ఉంగరాల జుట్టువాడు. అద్దం గోడ వెనక ఆమె నవ్వడం వీడికి ఇక్కణ్ణుంచి కనిపిస్తూనే ఉంటుంది, ప్రాణం ఉసూరుమనేలా.

"ఒక్క పెయింటుకి వారం పడుతుందా మేడం?"

"ఆవిరి ఎటు పోతోందో చూడాలి కదండీ."

"చూడండి, చూడండి. మాదేముంది, పాత రంపం."

ఆమె వెళ్ళిపోయింది. కుళ్ళుకునేవాడికి బుర్ర పనిచేయదు కదా! చెక్కల ర్యాకును తోసుకెళ్ళి సరిగ్గా ఎమర్జెన్సీ తలుపుకి అడ్డంగా పెట్టి, "మారింది, రండి" అని కబురు పంపాడు.

వచ్చింది. ర్యాకును చూడగానే ఆమె ముఖం పాలిపోయింది.

"మంటలు లేస్తే ఇంతమందీ ఎటు పోతారు? నన్ను రప్పించడానికా ఇదంతా?"

వాడికి తల కొట్టేసినట్టయింది. ర్యాకును వెనక్కి లాగాడు. ఆమె తలుపు తీసి, వేసి చూసుకుని, వాడి వంక చూడకుండానే వెళ్ళిపోయింది.

ఇక తన ముఖం కూడా చూడదని వాడికి దిగులు పట్టుకుంది. ఆ ఉక్రోషమంతా పెయింటరు మీద తీర్చుకోవాలని టీ వేళకి ఆ గదికి వెళ్ళాడు.

"ఆవిడతో రోజూ ఏంటి కబుర్లు?"

"నీ గురించే. ఆవిడ అడుగుతుంది, నేను చెప్తాను" అన్నాడు పెయింటరు బ్రష్షు కడుక్కుంటూ. "ఆవిడ నిలబడే చోట ఓసారి నిలబడి చూడన్నా."

నిలబడ్డాడు. అద్దంలోంచి సూటిగా కనిపించింది తన రంపం మిషనే.

"ఇక్కడేం చేస్తున్నారు?" వెనక నుంచి ఆమె గొంతు.

వాడు ఇటు తిరిగాడు. "తప్పయిపోయింది మేడం. ర్యాకు ఇంకెప్పుడూ జరపను. కానీ మా దగ్గర నిజంగానే ఒకటి మారింది. అంచనా మళ్ళీ రాయాలి."

"ఏంటది?"

"రంపం దగ్గర మనిషి ధ్యాస రంపం మీద లేదు. మీ మీదుంది."

ఆమె నవ్వు దాచుకోలేకపోయింది. "అది పెద్ద ప్రమాదమే. తగ్గేదెలా?"

"రోజూ టీకి నాతో వస్తే తగ్గుతుంది."

"మిషన్ ఆపి వచ్చావా?"

"ఆపే వచ్చాను."

"అయితే పద. పెయింటరుని కూడా పిలుద్దా..."

"వద్దు" అన్నాడు వాడు, ఆమె మాట పూర్తికాకముందే.