పేరు కుట్టిన స్వెట్టర్

"లడాయిల కెల్లి ఉరికొచ్చినోనికి గింత పెద్ద పూజలెందుకు?"

గృహప్రవేశం నాడు పొద్దున్నే ఫలహారాల పంక్తిలో కూర్చుని, విస్తట్లో ఉప్మా కలుపుకుంటూ బుచ్చిరాములు అన్నమాట అది! పరాయివాడెవడైనా అనుంటే సూర్యకళ ఊరుకునేదా? చేతిలో గరిటె ఉండనే ఉంది. కానీ అన్నవాడు సొంత బావగారు... మొగుడు కనకరాజుకు తోడబుట్టిన పెద్దన్న. పాలు పొంగించేటప్పుడు తనను ముందుగా పిలవలేదని తెల్లవారుజాము నుంచీ మూతి ముడుచుకుని ఉన్నాడు. నలుగురూ పంక్తిలో చేరేదాకా ఆగి మరీ అన్నాడు. నవ్వినవాళ్ళు నవ్వారు, తల దించుకున్నవాళ్ళు దించుకున్నారు. నీళ్ళు పోస్తున్న కూతురు శారద మొహం ఎర్రబడింది.

కనకరాజు మాత్రం అన్న పక్కన నీళ్ళ చెంబు పెట్టి, కుంటుకుంటూ వెళ్ళి పెరట్లో కూర్చున్నాడు. మాఘమాసపు మంచు నాచారం ఫ్యాక్టరీల పొగతో కలిసి గోడల మీదే ఉంది. వచ్చినవాళ్ళంతా శాలువల్లోనూ స్వెట్టర్లలోనూ ముడుచుకుని ఉంటే, అతని ఒంటిమీద పల్చటి చొక్కా ఒక్కటే. యుద్ధం నుంచి వచ్చాక అతను స్వెట్టర్ తొడుక్కోగా చూసినవాళ్ళు లేరు.

అదే పంక్తిలో ఒకాయన విస్తరి వదిలేసి లేచి నిలబడ్డాడు. చలపతిరావుగారు. కనకరాజు గేటు కాపలా ఉద్యోగం చేసే ఫ్యాక్టరీకి కొత్తగా వచ్చిన సెక్యూరిటీ ఆఫీసరు, ఒకప్పుడు సైన్యంలో కెప్టెను. బుచ్చిరాములు వైపు తిరిగి ఏదో చెప్పబోయాడు. పెరటి గుమ్మంలోంచి కనకరాజు ఆయన వంక చూసి వద్దన్నట్టు తల ఊపాడు. ఆయన తిరిగి కూర్చుండిపోయాడు. అది చూసింది సూర్యకళ ఒక్కతే!

కొత్త ఇంట్లో దేవుడి ముందు దీపం వెలుగుతూనే ఉంది... వంటగదిలో తలుపు చాటున ఆమె కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. ఈ మాట ఈనాటిదా! ఊరు విడిచి ఇంతదూరం వచ్చినా వెంటాడుతూనే ఉందే!

డెబ్బై ఒకటి డిసెంబరులో యుద్ధం జరిగినప్పుడు సూర్యకళ జనగామ దగ్గర పల్లెలో అత్తగారింట్లో ఉండేది. కనకరాజు చనిపోయాడని తంతి వచ్చింది. శవం కూడా రాలేదు, అక్కడే కొండల్లో దహనం చేశారట. వెనకాలే వచ్చిన ఉత్తరంలో, ఒంటిమీది స్వెట్టర్ మెడపట్టీ లోపల కుట్టిన పేరును బట్టి గుర్తుపట్టామని రాశారు. ఆ పేరు కుట్టిందెవరు? తనే! చాకలి మూటల్లో బట్టలు మారిపోతున్నాయని సెలవులో వచ్చినప్పుడు మొగుడు నవ్వుతూ చెబితే, తను అల్లిన స్వెట్టర్‌కు ఎర్రదారంతో ముచ్చటగా కుట్టిచ్చింది. తన చేతి కుట్టే తన బొట్టు చెరిపేసిందే అని ఎంత తల బాదుకుందో! గాజులు పగలగొట్టారు, మెట్టెలు తీశారు, దినాలు చేశారు. ఆ తర్వాత ఆమె అల్లిక సూదులు ముట్టలేదు.

శివరాత్రి వెళ్ళిన కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం, కనకరాజు కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు!

అత్తగారు రాజేశ్వరమ్మ కెవ్వున కేక వేసింది. కొడుకుని కావలించుకోలేదు. ఎండలో నిలబెట్టి నీడ పడుతోందా అని చూసింది, పాదాలు ముందుకే ఉన్నాయా అని వంగి చూసింది. కర్మ జరిగిపోయిన మనిషి ఊరికే ఇంట్లోకి రాకూడదన్నారు పెద్దలు. పురిటి స్నానం చేయించి, చెవిలో మళ్ళీ పేరు చెప్పి, కీసరగుట్ట మీద సూర్యకళ మెడలో మళ్ళీ పుస్తె కట్టించారు. ఇన్నాళ్ళూ ఎక్కడున్నావని అడిగితే దవాఖానాలో అన్నాడు. మరి ఉత్తరమెందుకు రాయలేదంటే నోరు విప్పలేదు. కాలు పనికిరాదని సైన్యం నుంచి పంపేసినప్పుడు ఇచ్చిన కాగితంలో ఆ రోజులన్నీ గైర్హాజరు అని ఉంది. ఇంకేముంది... ఊరు తీర్పు చెప్పేసింది. పారిపోయి ఎక్కడో దాక్కున్నాడు, లడాయి అయిపోయాక వచ్చాడు!

సూర్యకళను తినేసిన భయం అది కాదు. పోయాడన్న మనిషిని దేవుడు ఊరికే తిరిగి పంపుతాడా? ఇది ఎవరిదో వంతు, పొరపాటున తనింటికి వచ్చింది, ఎప్పుడో ఒకనాడు ఎవరో వచ్చి అడుగుతారు... వాకిట్లో కొత్త మొహం కనబడితే చాలు, ఆమె చెయ్యి పుస్తె మీదికి పోయేది. ఏటా శివరాత్రికి కనకరాజు కీసరకు పోయొస్తానని ఒక్కడే వెళ్ళి, ఉబ్బిన కళ్ళతో తిరిగొచ్చేవాడు. ఎందుకని అడిగే ధైర్యం ఆమెకు ఏనాడూ లేకపోయింది.

కానీ బావగారి మాట విన్నాక, కూతురి మొహం చూశాక, ఇక ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు. మర్నాడే ఉప్పల్‌లో చలపతిరావుగారి ఇంటికి వెళ్ళి, నిన్న ఏం చెప్పబోయారో చెప్పమని గుమ్మంలో కూర్చుంది. ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"మీ ఆయన పారిపోలేదమ్మా. కాలిపోతున్న బంకర్లోకి మూడుసార్లు వెళ్ళాడు. ఇద్దరిని బతికించాడు. మూడోసారి మొగిలయ్య అనే కుర్రాణ్ణి మోసుకొచ్చాడు."

మిగిలింది ఆయన ఆగి ఆగి చెప్పాడు. మొగిలయ్య కోటు నెత్తురుతో తడిసి ముద్దయింది. అతను చలికి వణికిపోతుంటే కనకరాజు తన స్వెట్టర్ విప్పి తొడిగి, ఆ తడి కోటు తన భుజాన వేసుకున్నాడు. అంతలో మరో గుండు పడింది. ఇద్దరూ ముందటి రోజే ఆ పోస్టుకు వచ్చినవాళ్ళు, ముఖాలు ఎవరికీ అలవాటు లేవు, ఒకరి మొహం గుర్తుపట్టేలా కూడా లేదు. స్పృహ లేని మనిషి కోటు జేబులో మొగిలయ్య పేరున్న జీతం పుస్తకం దొరికింది. పోయినవాడి మెడపట్టీలో కనకరాజు పేరుంది.

"తెలుగు చదవగలిగినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. సాహసం మొగిలయ్య పేర రాశాను, చావు మీ ఆయన పేర రాశాను. వెంటనే నన్ను వేరేచోటికి పంపేశారు. మీ ఆయనకు తెలివొచ్చి పేరు చెప్పాక చావు ఒక్కటే దిద్దారు. పతకం మాత్రం మొగిలయ్య ఇంటికే పోయింది. మొన్న గేటు దగ్గర మీ ఆయన పేరు చూసి అడిగితే సంగతంతా తెలిసింది. అన్నీ దిద్దిస్తానని బతిమాలాను. వద్దు సాబ్ అన్నాడు."

సూర్యకళకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తన మొగుడు వీరుడు! ఇన్నేళ్ళు పిరికివాడి పెళ్ళాంగా తల వంచుకుని తిరిగిందా తను! దిద్దించాల్సిందేనని పట్టుబట్టింది. అర్జీ చలపతిరావుగారే రాశారు. ఇంటిపన్ను కాగితమని అబద్ధం చెప్పి కనకరాజు చేత సంతకం పెట్టించింది. ఆమె ఏది పెడితే దానిమీద చదవకుండా సంతకం చేసే మనిషి అతను!

ఎండలు ముదిరేసరికి రికార్డుల ఆఫీసు నుంచి జవాబొచ్చింది. గైర్హాజరు మాట కొట్టేయడానికి కెప్టెను సాక్ష్యం చాలునట. పతకం మార్చాలంటే మాత్రం మొగిలయ్య భార్య ఒప్పుకుని సంతకం పెట్టి, పతకం తిరిగి ఇవ్వాలట. ఆమె పేరు కౌసల్యమ్మ, ఉండేది అంబర్‌పేట్‌లో. ఇంత దగ్గర! ఇంట్లో చెప్పకుండా సూర్యకళ కాగితం సంచిలో పెట్టుకుని రామంతాపూర్ మీదుగా బస్సులో వెళ్ళింది. మూసీ వైపు దిగే సందులో ఒక్క గది ఇల్లు. కనకరాజు భార్యనని చెప్పగానే, బడిలో ఆయాగా పనిచేసే ఆ సన్నటి మనిషి రెండు చేతులూ పట్టుకుంది.

"వదినెవా... అన్న నిన్ను ఇయ్యాల గాకుంటె రేపు తోల్కొస్తడని ఎన్నేండ్ల సంది చూస్తున్న."

అన్న! ప్రతి శివరాత్రికీ వచ్చేది ఈ ఇంటికా! సూర్యకళ తలెత్తి చూసింది. ఎదురుగా గోడకు కుర్ర సిపాయి ఫోటో, దండ, దండ కింద మెరిసేలా తుడిచిన పతకం.

కౌసల్యమ్మ అంతా దాపరికం లేకుండా చెప్పుకొచ్చింది. ఆ చలికాలం ఆమెకు మంచి కబురే వచ్చిందట. మొగుడు గాయపడ్డాడు, దవాఖానాలో బతికే ఉన్నాడని! అప్పుడామె నిండు గర్భిణి. శివరాత్రికి కొత్త గాజులు వేసుకుని, కీసరగుట్ట ఎక్కి మొక్కు తీర్చుకుని వచ్చేసరికి, వాకిట్లో ఒకాయన కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడట. ఒక్కమాట చెప్పలేక కాళ్ళ మీద పడి ఏడ్చాడట. దవాఖానా నుంచి కనకరాజు తన ఇంటికి పోకుండా, ఉత్తరం ముక్కైనా రాయకుండా, మొదట వచ్చింది ఈ గుమ్మానికే!

తను బోసి చేతులతో మూలన కూర్చున్న రోజుల్లోనే ఈమె కొత్త గాజులు వేసుకుంది! ఎవరిదో వంతు అని ఇన్నేళ్ళు వణికిపోయిందే... ఆ వంతు ఇదిగో, ఎదురుగా కూర్చుని తనకు మంచినీళ్ళు ఇస్తోంది.

కౌసల్యమ్మ లేచి, ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక మూట తీసి విప్పింది. ఆకుపచ్చ స్వెట్టర్. మెడపట్టీ లోపల ఎర్రదారం... కనకరాజు!

"నీ చెయ్యే గద వదినె ఇది? మొగిలయ్య బట్టలని ఆలస్యంగ పంపిన్రు. వేరేటోళ్ళ పేరున్నది నాకెందుకని ముందుగాల కోపమొచ్చింది. తర్వాత అన్న చెప్పిండు, తనే తొడిగిన్నని. పానం పోయేటప్పుడు నా పెనిమిటి పెయ్యి వెచ్చగున్నదట. గా ఒక్క మాట పట్టుకొని బతుకుతున్న."

సూర్యకళ ఆ స్వెట్టర్‌ను ఒళ్ళోకి తీసుకుని బావురుమంది. తన కాపురాన్ని కాల్చిందనుకున్న కుట్టు! అంత చలిలో ఒక తల్లి బిడ్డకు చివరి వెచ్చదనం ఇచ్చిందది! అప్పుడే కాలేజీ నుంచి కౌసల్యమ్మ కూతురు వచ్చింది. హైమావతి. తండ్రి మొహం చూడని పిల్ల. చెప్పులు విడిచి, ముందుగా పతకానికి దండం పెట్టి, ఆ తర్వాతే వచ్చినవాళ్ళెవరని తల్లినడిగింది.

సంచిలో కాగితం సూర్యకళ వేళ్ళకు తగులుతూనే ఉంది.

"ఏమన్న పనిబడి వచ్చినవా వదినె?" అంది కౌసల్యమ్మ.

"లేదు. నిన్ను చూడాలనిపించింది."

వెళ్ళొస్తానంటే కౌసల్యమ్మ గుమ్మం ఇవతలే ఆగిపోయింది. బొట్టు పెట్టడానికి తను ముందుకు రాలేదు, కూతురి చేత పెట్టించింది. బస్సు ఉప్పల్ చేరేదాకా సూర్యకళ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది, ఆ బొట్టు చెదరకుండా.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి కనకరాజు పెరట్లో మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. సూర్యకళ వెళ్ళి అతని ముందు నేలమీద కూర్చుని అంతా చెప్పేసింది. అబద్ధం చెప్పి పెట్టించిన సంతకం సంగతి, కాగితం సంగతి, అంబర్‌పేట్ సంగతి. కోప్పడతాడనుకుంది. అతను చెంబు కింద పెట్టాడు.

"మీరు నా పేరు మీద దినాలు జేసిన్రు. గా పిండమెవరికి పోయింది సూర్యా? వానికే. నా చావు వాడు తీస్కున్నడు. నా మెడల్ వాడు తీస్కుంటె నాకేం తక్కువైంది?"

"మరి ఉరికొచ్చినోడని నిన్నంటుంటె నేనెట్ల ఇనాలె? నీకు గాకున్నా నాకు కష్టమైతది గద."

మొదటిసారి, మొగుడు వెక్కి వెక్కి ఏడవడం సూర్యకళ చూసింది. దగ్గరికి తీసుకుని తలమీద చెయ్యి వేసింది. ఇది ఎవరో వచ్చి అడిగి తీసుకుపోయే మనిషి కాదు, తన మనిషే.

మర్నాడు చలపతిరావుగారి దగ్గరికి వెళ్ళి, గైర్హాజరు ఒక్కటి తీయించమంది. పతకం మాట కొట్టేయమంది. ఆయన వాదించాడు, అన్యాయమన్నాడు, సంపాదించినవాడి పేరు చరిత్రలో ఉండాలన్నాడు. సూర్యకళ అన్నిటికీ తల ఊపి, కాగితం ఆయన ముందుకే జరిపింది. ఆయన చివరికి కలం తీశాడు.

దసరాకు బుచ్చిరాములు వచ్చేసరికి దిద్దిన కాగితం ఇంట్లో ఉంది. అడగకుండానే సూర్యకళ తెచ్చి చేతికిచ్చింది. తోటివారిని కాపాడుతూ గాయపడి, స్పృహ లేక వేరే పేరున ఆస్పత్రిలో ఉన్నాడని అందులో రాసుంది. బావగారు రెండుసార్లు చదివాడు. మొహం పాలిపోయింది.

"మరి గింత జేస్తె... మెడల్ గిట్ట ఇయ్యలేదా?"

"ఇచ్చిన్రు బావా. ఉండాల్సిన ఇంట్ల ఉన్నది."

బుచ్చిరాములు మొహం కడుక్కుంటానని నల్లా దగ్గరికి వెళ్ళి ఎంతకీ రాలేదు. కనకరాజే తువ్వాలు పట్టుకుని వెళ్ళి అన్న పక్కన నిలబడ్డాడు.

ఆ కార్తీకంలో సూర్యకళ ఊలు కొనుక్కొచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత సూదులు పడితే వేళ్ళు మొద్దుబారిపోయాయి, సగం అల్లి విప్పింది, మళ్ళీ అల్లింది. చలి ముదిరిన ఒక ఉదయం, డ్యూటీకి బయల్దేరుతున్న మొగుడి ముందు పట్టుకుని నిలబడింది. వద్దంటాడని భయంగానే ఉంది. కనకరాజు చేతిలోకి తీసుకుని, మెడపట్టీ తిప్పి లోపల చూశాడు.

"పేరు కుట్టలే?"

"కుట్టలే. ఎవలకు చలిపెడితె వాళ్ళకు తొడుగు."

కనకరాజు కర్ర గోడకు ఆనించి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. సూర్యకళే తొడిగింది.