ఎర్ర మీట

2071 నాటికి విశాఖ ఆస్పత్రుల్లో పక్షవాతం రోగుల మెడలు మాట్లాడుతున్నాయి. మెదడులో పుట్టి నోటిదాకా రాలేని మాటను వెంట్రుకంత సన్నని ఎలక్ట్రోడ్లు పట్టుకుంటాయి. మెడపట్టీలోని స్పీకరు దాన్ని రోగి పాత గొంతుతోనే పలుకుతుంది. కనిపెట్టిన డాక్టర్ నీలోత్పల దానికి ‘పలుకుతీగ’ అని పేరు పెట్టింది. మాట సరిగ్గా వస్తే ఇంటివాళ్లు పచ్చ మీట నొక్కాలి, తప్పొస్తే ఎర్రది. యంత్రం అలా నేర్చుకుంటుంది.

క్లినికల్ ట్రయల్‌లో అందరికన్నా చక్కగా మాట్లాడేవాడు సూరప్పడు. సముద్రం మీద బతికిన మనిషి. “అప్పలకొండగారూ, భోజనం చేశారా?” అని భార్యను అడిగేవాడు. చూడవచ్చిన ప్రతివాళ్లకీ అతన్నే చూపించి నీలోత్పల మురిసిపోయేది.

ఒక ఉదయం పరీక్షలో నీలోత్పలకి అసలు సంగతి బయటపడింది. సూరప్పడి మెదడు నుంచి మాటల సంకేతం ఆగిపోయి ఇరవై రోజులైంది. పట్టీ మాత్రం, తను ఊహించి పలికినప్పుడు పచ్చ మీట పడ్డ మాటల్నే అటూ ఇటూ తిప్పి, తనంతట తాను మాట్లాడుతూ వచ్చింది.

గాభరాగా పాత రికార్డు తిరగేసింది. మొదటి నెలల్లో అతనన్నది ఒకటే మాట, వెయ్యికి పైగా సార్లు. ప్రతిసారీ ఎర్ర మీటే పడింది.

“ఓలే.”

ఎందుకలా నొక్కావని అప్పలకొండను అడిగింది.

“నలభై ఏళ్లూ నన్నలాగే పిలిసీవోడమ్మా. మీలాంటి పెద్దోళ్ల ముందర ఓలే అంతుంటే సిగ్గేసి నొక్కీసినాను.”

అదేదో అర్థంలేని శబ్దమని యంత్రం పదకోశంలోంచి తీయించింది నీలోత్పలే. జబ్బు అతనికి ఒక్క మాట మిగిల్చింది. అదీ తప్పని వెయ్యిసార్లు చెప్పించుకుని, పాపం, ప్రయత్నమే మానేశాడు.

నీలోత్పల యంత్రం సొంత తెలివిని ఆపేసి, మొగుణ్ని పిలవమని అప్పలకొండకు చెప్పింది. అప్పలకొండ అతని చెవి దగ్గర కూర్చుని మధ్యాహ్నం దాకా పిలిచింది. సూరప్పడు తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయాడు.

“ఒక్కపాలి ఓలే అనిపించండమ్మా,” అని ఆమె చివరికి బతిమాలింది.

చేయకూడదని తెలిసీ కాదనలేక, నీలోత్పల ఆ మాటను టైపు చేసింది.

“ఓలే,” అంది పట్టీ. అచ్చం అతని గొంతే.

అప్పలకొండ మొగుడి ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి చాచి ఎర్ర మీట నొక్కింది.

“ఆయన కాదమ్మా,” అంది.