పేరులేని బటన్

మధ్యాహ్నం మూడు గంటలకు కంప్యూటర్ మళ్ళీ టింగుమంది.

తూనీగ పరుగున వచ్చి దాని ముందు కూర్చుంది. ఒక్క క్షణం ఒకచోట నిలవదని ఇంట్లోవాళ్ళు పెట్టిన ముద్దుపేరది. వారం రోజులుగా మాత్రం కుర్చీకి అతుక్కుపోయింది. ఎందుకు అతుక్కుపోదు? కాలనీ వెబ్‌సైట్‌లో బొమ్మలన్నీ తనవే మరి! లోపలి పనంతా కాలేజీలో చదివే అక్క చేసింది. పైకి కనిపించే ఆరు బటన్లూ తూనీగ గీసింది. పుస్తకం, మొక్క, సుత్తి, గంట, కుళాయి, చివరగా రాసింది పంపడానికి కాగితపు విమానం. నాలుగు రోజులు పట్టింది.

"బొమ్మల కింద పేర్లు కూడా పెట్టవే," అని అక్క మొదట్లోనే చెప్పింది.

"పేర్లు పెడితే ఇరుగ్గా ఉంటుందక్కా. బొమ్మ చూస్తే తెలీదూ?"

అక్కకు పరీక్షలు దగ్గరపడ్డాయి. సరేలే అని ఊరుకుంది. ‘మీ మాట’ అనే పెట్టెలో కాలనీవాళ్ళు రాసేవి చదివి జవాబివ్వడం కూడా చెల్లికే అప్పగించింది.

అక్కడే వచ్చింది చిక్కంతా. మెచ్చుకుంటారని ఆశగా తెరిస్తే అన్నీ వంకలే! ‘అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయి’ అని పదో నంబరు ఇంటి టీచరమ్మ రాసింది. ‘కళ్ళజోడు పెట్టుకోండి’ అని తూనీగ జవాబు కొట్టింది. ‘సుత్తి నొక్కితే ఏమొస్తుంది?’ అని ఇంకెవరో అడిగారు. ‘నొక్కి చూడండి’ అంది.

ఇప్పుడు వచ్చింది ఇరవై రెండో నంబరు ఇంటి నుంచి. తెరిస్తే ఖాళీ. ఒక్క అక్షరం లేదు. పొద్దుటి నుంచి ఆ ఇంటి నుంచి వచ్చిన ఖాళీ మెసేజ్‌లలో ఇది పదకొండోది.

"నాతో ఆటలా?" తూనీగకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఇంటిని బ్లాక్ చేసి పారేసింది.

నాలుగింటికి అక్క రాగానే ఈ సంగతి గొప్పగా చెప్పుకుంది.

"పదకొండుసార్లా?" అక్క భుజం మీది బ్యాగు దించకుండానే అడిగింది. "ఆకతాయిలైతే రెండుసార్లు పంపి విసిగిపోతారే. పదకొండుసార్లంటే అవతల ఎవరో తిప్పలు పడుతున్నారు. వెళ్ళి కనుక్కో."

"నేనా?"

"బ్లాక్ చేసింది ఎవరు మరి?"

తూనీగ గొణుక్కుంటూ బయలుదేరింది. వాళ్ళను ఏమని దులిపెయ్యాలో దారి పొడవునా తయారు చేసుకుంది.

ఇరవై రెండో నంబరు ఇల్లు వీధి చివర ఉంది. ముందు మూడు మెట్లు. తలుపు తెరిచే ఉంది. గది నిండా అడుగు ఊడిన కుర్చీలు, బకెట్లో నానుతున్న సన్నటి పేము బద్దలు. మధ్యలో పీట మీద ఒక తాతగారు కూర్చుని కుర్చీ అల్లుతున్నారు.

"మూడు మెట్లుంటే రెండే తొక్కావు. చిన్నపిల్లవే!" అన్నారు తల తిప్పకుండానే. "ఎవరమ్మా నువ్వు?"

తయారు చేసుకున్న మాటలన్నీ మరిచిపోయి తూనీగ ఆయన వైపు చూసింది. తాతగారి ముఖం గోడ వైపు ఉంది. చేతులు మాత్రం కుర్చీ మీద ఆడుతున్నాయి. ఒక బద్ద కిందికి వెళ్ళి పైకి వచ్చింది, ఇంకొకటి దాన్ని దాటింది, వేలు ఒకసారి తడిమి బిగించింది. ఎనిమిది మూలల చిన్న చిన్న కన్నాలు వరుసగా పుట్టుకొస్తున్నాయి. ఒక్కటీ వంకర లేదు.

"నేను వెబ్‌సైట్ పిల్లని. తాతగారూ, మీకు... కనబడదా?"

"ముప్పయ్యేళ్ళయింది తల్లీ."

"ఆ ఖాళీ మెసేజ్‌లు మీరేనా పంపింది?"

"ఖాళీగా వచ్చాయా? అరెరే! అసలు వెళ్ళాయనే నాకు తెలీదు. ఏది నొక్కితే ఏమవుతుందో అని ఒక్కోటీ నొక్కి చూస్తున్నా."

ఆయన చేతులు తుడుచుకుని ఫోన్ తీశారు. వేలితో అలా అలా తోస్తుంటే ఫోన్ గడగడా వాగడం మొదలుపెట్టింది. తూనీగకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అది మాట్లాడుతోందా, మిక్సీ తిరుగుతోందా!

"ఇదంతా మీకు తెలుస్తోందా?"

"నువ్వు కళ్ళతో ఎంత వేగంగా చదువుతావో, నేను చెవులతో అంత వేగంగా చదువుతా. ఉండు, నీ కోసం తగ్గిస్తాను."

ఫోన్ నెమ్మదిగా వార్తలు చదివింది. ఎవరో పంపిన ఉత్తరం చదివింది. తూనీగ కళ్ళు ఇంతింతయ్యాయి. ఇలాంటిది ఒకటి ఉందని తనకెవరూ చెప్పలేదు! అప్పుడు తాతగారు కాలనీ వెబ్‌సైట్ తెరిచారు.

"పేరులేని బటన్," అంది ఫోన్.

ఆయన వేలు జరిపారు. "పేరులేని బటన్." మళ్ళీ జరిపారు. "పేరులేని బటన్."

ఆరుసార్లూ అదే మాట. తూనీగకు తల కొట్టేసినట్టయింది.

"ఒకసారి నేను చూస్తాను, ఇవ్వరూ?"

ఫోన్ తీసుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. తోసింది, నొక్కింది, మళ్ళీ తోసింది. విమానం ఎక్కడ? కుళాయి ఎక్కడ? రాసే పెట్టె ఎక్కడ? రెండు నిమిషాల్లో ఎక్కడుందో తనకే తెలియలేదు. తను కట్టిన ఇంట్లో తనకే తలుపు దొరకలేదు. కళ్ళు తెరిచి తాతగారిని వింతగా, గౌరవంగా చూసింది. ఈయన ఇందులో పదకొండుసార్లు వెతికారా!

"అయినా మీరు వదిలెయ్యలేదేం తాతగారూ?"

"ఎలా వదిలేస్తాను? మన కాలనీ రీడింగ్ రూమ్‌లో ఎనిమిది పాత కుర్చీలున్నాయి కదా, రేపు పొద్దున్న పాత సామాన్ల బండికి వేసేస్తారట. కావాలన్నవాళ్ళు ఇవాళ ఆరింటిలోపు చెప్పాలట. అదీ వెబ్‌సైట్‌లోనే చెప్పాలట, ఫోన్లు చేయొద్దట. పక్కింటమ్మ చదివి వినిపించింది."

ఫోన్లు చేయొద్దని రాసింది తూనీగే. తన వెబ్‌సైట్ అందరూ చూడాలని రాసింది.

"అవి నేను అల్లినవే," అన్నారు తాతగారు. "చూపు పోకముందు ఆఖరుగా అల్లాను. ఆ తర్వాత వందల కుర్చీలు అల్లాను కానీ, ఎలా ఉంటాయో నా కళ్ళకు గుర్తున్నవి ఆ ఎనిమిదే."

తూనీగ గబుక్కున అంది, "నేను చెప్పేస్తాను! ఇప్పుడే వెళ్ళి అక్కకు చెబుతాను!"

"చెబుతావు, నాకు తెలుసు. పక్కింటమ్మా చెప్పిపెడతానంది. కానీ తల్లీ, కాలనీలో అందరూ వాళ్ళ మాట వాళ్ళే చెప్పుకుంటుంటే, నా మాట మాత్రం ఇంకొకరి నోట రావాలా?"

తూనీగ గోడ గడియారం చూసింది. పావు తక్కువ ఐదు.

"తప్పు నాదే తాతగారూ. ఐదున్నర దాటాక ఒక్కసారి చూడండి. మర్చిపోవద్దు!"

ఈసారి మూడు మెట్లూ ఒక్క దూకులో దిగింది.

ఇంటికి రాగానే ముందు బ్లాక్ తీసేసింది. అంతా విన్న అక్క, పుస్తకం మూసేసి పక్కన కూర్చుంది. బటన్‌కు పేరు ఎక్కడ రాయాలో చూపించింది. ఆ పేరు కంటికి కనబడకుండా లోపలే ఉంటుందట, ఫోన్ మాత్రం దాన్ని పట్టుకుని పైకి చదువుతుందట. తూనీగకు ఒళ్ళు జలదరించింది. తన బొమ్మల వెనక మాటలకు కూడా చోటుంది! లోపల రాసింది, బొమ్మల కిందా రాసింది. పుస్తకాలు, మొక్కలు, మరమ్మతులు, నోటీసులు, నీళ్ళు, పంపు.

తర్వాత అక్క ఫోన్‌లో ఆ చదివే గొంతు పెట్టించుకుని, కళ్ళు మూసుకుని మొదటి నుంచి చివరిదాకా వెళ్ళింది. రాసే పెట్టెకు పేరే లేదని అప్పుడు తెలిసింది. అదీ పెట్టింది. ఐదున్నరకు ముగించింది.

ఐదూ నలభై అయింది. ఏమీ రాలేదు. ఐదూ యాభై అయింది. తూనీగ గోళ్ళు కొరకడం మొదలుపెట్టింది.

ఆరుకు ఇంకా నాలుగు నిమిషాలున్నాయనగా, టింగ్!

‘ఎనిమిది కుర్చీలూ నాకు కావాలి. కొత్తగా అల్లి మళ్ళీ రీడింగ్ రూమ్‌కే ఇస్తాను. ఇట్లు, ఇరవై రెండో నంబరు ఇల్లు.’

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఇల్లు ఎగిరిపోయేలా అరిచారు. ఆ అరుపు ఆగకముందే ఇంకో టింగ్.

‘ఒక చిన్న మాట. మీ వెబ్‌సైట్ "నీళ్ళు" అంది, ఆ వెంటనే "పంపు" అంది. నీళ్ళ పంపేమోనని చాలాసేపు దాని జోలికి పోలేదు. నా మాట అందులో కొట్టుకుపోతుందేమోనని భయమేసింది.’

అక్క పడీపడీ నవ్వింది. తూనీగ నవ్వలేదు. కళ్ళు మూసుకుని విని చూసింది. నీళ్ళు, పంపు. నిజమే కదా! పేరు చెరిపేసి, ‘నా మాట పంపు’ అని రాసింది.

ఆ తర్వాత అక్క ఫోన్‌లోనే టీచరమ్మ మెసేజ్ తెరిచింది. కళ్ళజోడు జవాబును తుడిచేసి, దాని చోట ఇలా రాసింది: ‘క్షమించండి టీచర్. ఏ అక్షరాలు కనబడటం లేదో రేపు మీ ఇంటికొచ్చి, మీ పక్కన కూర్చుని చూడనా?’

కళ్ళు మూసుకుంది. వేలితో ఒక్కో బటనూ దాటింది. "నా మాట పంపు," అంది ఫోన్.

తూనీగ నొక్కింది.