కొసరు లేని పార్సిల్

"కొసరేదిరా?"

దేముడమ్మ అవ్వ ఈ ప్రశ్న అడిగింది డెలివరీ కుర్రాడిని. పాపం, నిలువునా తడిసిపోయి, బురదలో బైకును సగం దూరం తోసుకుంటూ లింబగుడ దాకా ఎక్కి వచ్చాడు. పార్సిల్ అందించాడు. అవ్వ గొడుగు విప్పి, ఊచలన్నీ వంచి చూసి, మళ్లీ ముడిచి చంకలో పెట్టుకుంది. పని అయిపోయిందనుకుని అతను వెనక్కి తిరగబోతుంటే ఇదీ వరస.

"కొసరేటవ్వా?"

"ఏటంటావేటి? సంతలో ఉల్లిపాయలు కొంటే పైన గుప్పెడు మిరగాయలు ఏత్తాడు. కోక కొంటే పిన్నీసులైనా ఇత్తాడు. ఇంత గొడుగు కొంటే ఏటీ నేదా?"

పక్కనే ఉన్న మనవరాలు భానుకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గొడుగు ఆర్డర్ పెట్టింది తనే. ఆ మాటకొస్తే ఊళ్లో ఎవరికేం కావాలన్నా ఆర్డర్ పెట్టేది తనే. లింబగుడలో ఫోన్‌కు సిగ్నల్ అందేది కాఫీ తోట పైనున్న పెద్ద బండ మీద. ఆ బండెక్కి యాప్‌ను అవలీలగా నడిపేది అరకులో డిగ్రీ చదివొచ్చిన భాను. దాంతో ఊరంతా ఆమెను తమ కొట్టు కింద జమకట్టేసింది.

"ఆన్‌లైన్లో కొసరుండదే అవ్వా. ఊరుకో."

"అయితే ఎనక్కి తీసుకుపొమ్మను. కొసరు నేకపోతే అది బేరమేటి? డబ్బులిచ్చీసి సరుకు లాక్కున్నట్టుంటాది. రేపు మల్లీ ఒకరి మొకం ఒకరు సూసుకోవాలా, వద్దా?"

కుర్రాడు కిందకు దిగే బురద దారిని చూశాడు. అవ్వ చంకలోని గొడుగును చూశాడు. ఆ తర్వాత భానును చూశాడు. అవసరానికి మించి చూశాడని భాను ఇప్పటికీ అంటుంది. కళ్లలో వాననీళ్లు పడి సరిగ్గా కనపడలేదని అతనంటాడు. ఎవరి మాట నమ్మాలో మీ ఇష్టం.

గబగబా బైకు దగ్గరకు వెళ్లి రెండు జాంకాయలు పట్టుకొచ్చాడు. "మర్సిపోనానవ్వా. ఇదిగో కొసరు."

అవ్వ జాంకాయ వాసన చూసింది. ముఖం విప్పారింది. "పేరేటి?"

"రవిబాబు. మాది గూడెం కొత్తవీధి పక్కన."

"ఇంటిపేరు?"

"కొర్రా."

"మాది కిల్లో," అంది అవ్వ, ఎవరూ అడక్కపోయినా.

ఒకే ఇంటిపేరు వాళ్లు అన్నాచెల్లెళ్ల వరసవుతారనీ, వేరే ఇంటిపేరైతేనే సంబంధం కలుపుకోవచ్చనీ ఆ కొండల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ గొడుగు తెచ్చినవాడి ఇంటిపేరుతో అవ్వకేం పనో ఆ రోజు భానుకు తట్టలేదు.

ఆమె బైకు దాకా వెంటపడింది. "అవి మీరు మధ్యాహ్నం తినడానికి తెచ్చుకున్నవి కదూ?"

"మీకెలా తెలుసండీ?"

"ఒకటి కొరికి ఉంది."

రవిబాబు నాలుక కరుచుకున్నాడు. "అవ్వకి చెప్పకండేం!"

"చెప్పను. కానీ ఇలా అలవాటు చేస్తే రేపు ఊరంతా అడుగుతుంది. అప్పుడేం చేస్తారు?"

"అడగరులెండి," అన్నాడు ధీమాగా.

ఊరంతా అడిగింది.

ప్రెషర్ కుక్కర్ తెప్పించుకున్న సుమ అడిగింది. స్వెట్టర్ తెప్పించుకున్న భీముడు, సిగ్గుపడుతూనే, అడిగాడు. రవిబాబు డుంబ్రిగుడ సంతలో ఆగి బెల్లం ముక్కలూ, నిమ్మకాయలూ, అల్లం కొమ్ములూ కొని బైకు పెట్టెలో పడేసుకుని రావడం మొదలుపెట్టాడు. బంతిపూల కాలంలో పార్సిల్‌కొక మూర బంతిపూలు. కొసరు ఏం వస్తుందో చూద్దామని ఆర్డర్లు పెట్టినవాళ్లు కూడా ఉన్నారు. సబ్బుపెట్టె అవసరం లేనివాళ్ల ఇంట్లో కూడా సబ్బుపెట్టెలు వెలిశాయి.

భానుకు ఒళ్లు మండేది. పార్సిళ్లు పంచడం అయ్యాక ఇద్దరూ బండ దగ్గర కాసేపు ఆగి మాట్లాడుకోవడం అలవాటైంది. మాట్లాడుకోవడమంటే ఆమె తిట్టడం, అతను వినడం.

"జీతమంతా ఇలా పంచిపెడితే మీకేం మిగులుతుంది?"

"మిగిలితే ఏటవుతాది? మళ్లీ బూట్లు కొనుక్కుంటాను. నాకు ఫోన్ చేతిలో ఉంటే ఆగదండీ. సేల్ అని కనపడితే చాలు, ఏలు దానంతటదే నొక్కేస్తాది."

"నేను చూడండి, కాఫీ పళ్లు ఏరిన డబ్బుల్లోంచి మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా సిప్ కడుతున్నాను."

"అంత పొదుపెందుకు?"

"కాఫీ గింజలు వేయించే మిషన్ కోసం. మనం పచ్చి గింజలు అమ్మేసి ఊరుకుంటాం. అవే వేయించి, పొడి కొట్టి, టూరిస్టులకు అమ్మితే?" ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె గొంతు మారిపోయింది. అవ్వ దగ్గర కూడా ఇంతలా చెప్పలేదు. "మీరు కూడా ఎందులోనైనా పెట్టొచ్చుగా?"

"పెడతన్నాను కదేటి."

"ఎందులో?"

"మీ ఊళ్లో," అన్నాడు బుద్ధిగా. "బెల్లం, నిమ్మకాయలు... అంతా ఇన్వెస్ట్‌మెంటే."

భాను నవ్వు ఆపుకోవడానికి సిల్వర్ ఓక్ చెట్టు వైపు తిరిగింది. వీపు నవ్వుతుంటే మాత్రం దాచలేకపోయింది.

"ఒకటడగనా?" అన్నాడతను. "ఊరందరికీ కొసరు ఇచ్చాను. మీ పేరు మీద ఒక్క పార్సిలూ రాలేదు. ఏదో ఒకటి ఆర్డర్ పెట్టండి."

"నాకేం అక్కర్లేదు."

"కార్టులో కూడా ఏటీ నేదా?"

ఉంది. నీలం రంగు కుర్తా ఒకటి ఎప్పట్నుంచో ఉంది. రోజూ బండెక్కి దాన్ని చూసుకుని, సైజు ఉందో లేదో చూసుకుని, బయటకొచ్చేస్తుంది. చూసుకోవడానికి డబ్బులక్కర్లేదు కదా. ఆ సంగతి అతనికెందుకు చెప్పాలి?

"లేదు," అంది.

కాఫీ పళ్లు ఎర్రబడ్డాయి. ఆ చలికాలంలో రవిబాబుకు జ్వరమొచ్చింది. బదులుగా వచ్చినవాడెవరో అవ్వకు పార్సిల్‌లో దుప్పటి ఇచ్చి, కొసరు మాట ఎత్తేలోపే బైకు తిప్పుకుని పోయాడు.

ఆ మర్నాడు భాను తోటలో పళ్లు ఏరుతోంది. ఫోన్ ఉన్న సంచి బండ మీద, అవ్వ పక్కన ఉంది. ఫోన్ మోగింది. అవ్వ ఎత్తింది. కంపెనీ నుంచి ఒక ఆడపిల్ల తీయగా అడిగింది, నిన్నటి డెలివరీతో మీకేమైనా ఇబ్బంది కలిగిందా అని.

అవ్వ ఉన్నదున్నట్టు చెప్పింది. "దుప్పటి బాగుందమ్మా. కొసరే రానేదు. మా రవిబాబు పెతీసారి పెట్టెలోంచి తీసి ఏదో ఒకటి ఇత్తాడు. ఈ కొత్తోడు మా కొసరు తినేసినాడు. కనుక్కో."

సాయంత్రం అవ్వ ఈ సంగతి గర్వంగా భానుకు చెప్పింది. "పెట్టెలోంచి తీసి ఇస్తాడని చెప్పావా?"

"మరి పెట్టెలోంచే కదే ఇత్తాడు?"

జ్వరం తగ్గాక కూడా రవిబాబు రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. చివరికి సుమ మరిది కబురు మోసుకొచ్చాడు. రవిబాబు వేరేవాళ్ల పార్సిళ్లు విప్పి, అందులో సరుకులు తీసి పంచుతున్నాడని కంపెనీకి అనుమానం. బండి ఎక్కకుండా ఆపి, ఆఫీసులో బస్తాలు సర్దిస్తున్నారు. వారం దాటితే తీసేస్తారు. దొంగ అన్న పేరుతో తీసేస్తే మరో కంపెనీ కూడా గడప తొక్కనివ్వదు.

భాను ఆ పూట అన్నం ముట్టలేదు. జాంకాయను సగం కొరికి కూడా ఇచ్చేసినవాడిని దొంగ అంటారా? ఆ రోజే ఇదంతా ఆపించకుండా, ఇన్నాళ్లూ నవ్వుకుంటూ చూస్తూ కూర్చున్నందుకు తనను తానే తిట్టుకుంది. తిట్టుకుంటూనే ఇంకో సంగతి కూడా ఒప్పుకుంది. బైకు చప్పుడు వినపడని సాయంత్రాలు ఆమెకు బొత్తిగా రుచించడం లేదు.

సంత రోజున జీపులో చోటు చాలక వెనక వేలాడుతూ లింబగుడ ఆడవాళ్లందరూ డుంబ్రిగుడ దిగారు. నేరుగా పార్సిల్ ఆఫీసుకు నడిచారు. ఇన్‌ఛార్జి జగన్నాథరావు విజయనగరం నుంచి వచ్చినవాడు. మంచివాడే, కాకపోతే కంగారు ఎక్కువ. ఇంతమందిని చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మూలన బస్తాలు సర్దుతున్న రవిబాబు కూడా నిలబడ్డాడు. మనిషి చిక్కిపోయాడు.

"సార్, ఈయన దొంగతనం చేశాడన్నారట," అంది భాను.

"నేననలేదమ్మా, కంప్లైంట్ అలా వచ్చింది. కొసరని ఇస్తున్నాడట. సొంత జీతంతో కొని ఇచ్చానంటాడు. జీతం పెట్టి ఊరికి కొసరు ఇచ్చే వెర్రివాడు ఎక్కడైనా ఉంటాడా?"

"ఉన్నాడు సార్. ఈయనే."

మూలనున్న వెర్రివాడు తల వంచుకున్నాడు.

భాను ఆడవాళ్ల వైపు తిరిగింది. "ఎవరికేం కొసరు వచ్చిందో సారుకి చెప్పండి."

"నాకు బెల్లం ముక్క!" "మాకు నిమ్మకాయలు!" "బంతిపూలు!" "అల్లం కొమ్ము, చిన్నదే ఇచ్చినాడు గాని ఘాటుగా ఉంది!"

"నాకు జాంకాయలు," అంది అవ్వ. "ఒకటి కొరికేసినాడు. ఆ రోజే సూసినాను. గుంటడు ఆకలి మీద ఇచ్చినాడని ఊరుకున్నాను."

భాను, రవిబాబు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"సార్," అంది భాను, "కొరికిన జాంకాయ ఏ పార్సిల్లో వస్తుంది? మూర బంతిపూలు మీ గోడౌన్లో ఉన్నాయా?"

జగన్నాథరావు కుర్చీలో కూర్చున్నాడు. ఆ తర్వాత ఉన్నట్టుండి నవ్వాడు. "నేను పైకి రాసి పంపిస్తానులే. రేపట్నుంచి బండి ఎక్కు రవీ. కానీ ఈ కొసర్లు మాత్రం మానేయ్. రూల్స్ ఒప్పుకోవు."

"అయితే మాకు పార్సిళ్లొద్దు," అంది అవ్వ.

ఇన్‌ఛార్జి గారు కిటికీ వైపు తిరిగి సంతను చూశారు. "నేనేం చూడలేదు, ఏం వినలేదు," అన్నారు చివరికి. అవ్వ కొంగున కట్టి తెచ్చిన రాజ్‌మా గింజలు ఆయన బల్ల మీద పోసింది, సరిగ్గా తీర్పు ఇచ్చినందుకు కొసరుగా.

బయట రవిబాబు భాను పక్కన నడిచాడు. "ఫోన్ ఎత్తలేదని కోపమా? దొంగ పేరు పెట్టుకుని మీతో ఏటి మాటాడను?"

"నువ్వు దొంగవి కాదని నాకు తెలీదనుకున్నావా?" అంది. 'మీరు' మానేసి 'నువ్వు' అన్నానని ఆమెకు తర్వాత తెలిసింది. అతనికి వెంటనే తెలిసింది.

వేసవి మొదట్లో ఒక సాయంత్రం మంచి వాన కురిసింది. ఆ వాన కోసమే కాచుకున్నట్టు కొద్ది రోజులకే కాఫీ తోటంతా తెల్లగా పూసింది. ఊరంతా ఆ వాసనే. భాను బండెక్కి, కార్టు తెరిచి, నీలం కుర్తాను చూసింది. సిప్ తన పాటికి తను పోతూనే ఉంది. మిషన్ ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు వస్తుంది. అన్నీ దాచుకునే చెయ్యి ఒక్కసారి తనకోసం నొక్కితే కొంప మునగదనిపించింది. నొక్కేసింది.

పార్సిల్ మీద 'కిల్లో భాను' అన్న పేరు చూసుకుంటూ రవిబాబు బండ దగ్గరికి వచ్చాడు. ఆ రోజు బైకు తోయాల్సిన పని లేకపోయినా ఎందుకో ఆయాసపడుతున్నాడు. పార్సిల్ చేతికిచ్చాడు. ఊరికే నిలబడ్డాడు.

"కొసరేది?" అంది భాను.

అతను చొక్కా లోపలి జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. నలిగి నలిగి కాగితం గుడ్డలా మెత్తబడిపోయింది. అందులో ఎర్ర పూసల దండ ఉంది.

"ఎప్పుడు కొన్నావు?"

"జాంకాయలిచ్చిన వారమే. సంతలో."

"ఇన్నాళ్లూ జేబులో పెట్టుకుని తిరిగావా? ఇవ్వొచ్చుగా!"

"ఆర్డర్ నేకుండా కొసరెలా ఇత్తారు?" అన్నాడు. ఆ తర్వాత నవ్వు మానేశాడు. "భానూ, నువ్వంటే నాకిష్టం. నేను బూట్లు కొనడం కూడా మానేసినాను. నెలనెలా ఆ మిషన్ కోసమే నానూ కడతన్నాను. నువ్వు కాదంటే... మిషన్ అయినా తీసుకో."

భాను పూసల దండ అందుకుంది. "మిషన్‌కి కొసరుగా నువ్వు కూడా వస్తే తీసుకుంటాను," అంది.

"అంత బేగి ఒప్పీసుకోకే!" చెట్ల వెనక నుంచి గొడుగు ఒకటి బయటికొచ్చింది. దాని కింద అవ్వ. వాన లేదు, గొడుగు మాత్రం ఉంది. "ఇంటిపేరు కుదురుతాదని తొలినాడే అడిగి ఉంచుకున్నాను. మావోలు పిల్లనిత్తారు, మీవోలు పిల్లకి ఓలి డబ్బులిత్తారు, అది పెద్దోలు సూసుకుంటారు. మరి నా కొసరో?"

రవిబాబు చేతులు కట్టుకున్నాడు. "ఏటి కావాలవ్వా?"

"పెతీ సంతకీ దీన్ని బండెనకాల కూకోబెట్టుకుని తీసుకురా." అవ్వ గొడుగు ముఖం మీదికి వంచుకుంది. "నాను సూసుకోవాల."

భాను వెళ్లి గొడుగు కింద దూరి అవ్వను కావలించుకుంది. రవిబాబు "అలాగే అవ్వా" అన్నాడు, రెండుసార్లు.

ఆ సంతోషంలో అతను ఓటీపీ అడగడమే మర్చిపోయాడు. సగం కొండ దిగాక గుర్తొచ్చి మళ్లీ ఎక్కి వచ్చాడు. భాను బండ దగ్గరే ఉంది, మెడలో ఎర్ర పూసల దండ వేసుకుని, నంబరు నోటికి చదువుకుంటూ.