బయటికొచ్చాక మొదట ఏం చేస్తారు?

ఇంట్లో మంచాలు, పరుపులు ఉండగా జనం మా దగ్గరికొచ్చి మట్టి కింద పడుకుంటారు. అదే మాకు తిండి పెడుతోంది. టైర్ల గోడౌన్ వెనక ఖాళీ స్థలం అద్దెకి తీసుకుని, గొయ్యి తవ్వి, అందులో చెక్కపెట్టె దింపి, "బతికుండగానే సమాధి" అని బోర్డు పెట్టాడు మా ఆయన. కొండల మీంచి తాడు కట్టుకుని దూకినవాళ్లు, సొరచేపల మధ్య బోనులో మునిగినవాళ్లు, అవన్నీ మొహం మొత్తాక మమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు. నిచ్చెన దిగి పెట్టెలో పడుకుంటే మూత వేసి, పైన పట్టా పరిచి, పారతో మట్టి కప్పుతాం. కాసేపు చచ్చిపోయినట్టు ఉండి, లేచి, ఫొటోలు దిగి వెళ్లిపోతారు.

తవ్వడం, కప్పడం ఆయన పని. మాట్లాడడం నా పని. పెట్టెలోంచి నేల మీదికి ఒక పీవీసీ గొట్టం ఉంటుంది, గాలికీ మాటకీ అదే దారి. దాని పక్కన స్టూలేసుకుని కూర్చుని లోపలివాళ్లకి ధైర్యం చెబుతుంటాను. చివర్లో ఒక ప్రశ్న అడుగుతాను, "బయటికొచ్చాక మొదట ఏం చేస్తారు?" అని. నీళ్లు తాగుతామంటారు, అమ్మకి ఫోన్ చేస్తామంటారు, ఒకాయన గడ్డం గీయించుకుంటానన్నాడు. ఏం చెబితే అది, పైకొచ్చాక ఇంకో పని ముట్టుకోకుండా చెయ్యాలి. జనానికి అదో సరదా. మాకు మాత్రం అదొక కట్టుబాటు. ఆ ప్రశ్న అడిగామంటే తీస్తున్నామని మాట ఇచ్చినట్టే. అడిగి ఆలస్యం చేస్తే లోపలివాళ్లు బెంబేలెత్తిపోతారు. అందుకే అడిగాక తియ్యకుండా ఎవర్నీ ఉంచలేదు.

ఆ ఆదివారం పొద్దున్నే నాకు ఒళ్లు విరిచేసినట్టుంది. పాపని చూసుకునే పక్కింటి పిన్నిగారికి జ్వరమొచ్చింది కాబట్టి దాన్నీ వెంట తెచ్చుకున్నాం. నాలుగేళ్లది. ఒక్కచోట నిలవదని బొంగరం అని పిలుస్తాం. వచ్చినదగ్గర్నుంచీ నా చున్నీ పట్టుకుని "ఎత్తుకో అమ్మా, ఎత్తుకో" అని ఒకటే గొడవ. వచ్చినవాళ్లకి నవ్వుమొహం పెట్టి, భయపడినవాళ్లని బుజ్జగించి, ఏడ్చినవాళ్లకి నీళ్లిచ్చేసరికి నా నడుం నాది కాదన్నట్టయింది. తర్వాత ఎత్తుకుంటానులే అంటూ పొద్దంతా గడిపేశాను. నన్ను ఎవరైనా ఆ పెట్టెలో పెట్టి మూతేస్తే హాయిగా నిద్రపోతానని కూడా అనుకున్నాను.

నా దగ్గర పని జరగదని తెలిసి బొంగరం పాత గొయ్యి దగ్గరికి పోయింది. మేం మొదట తవ్వింది అదే. మా ఆయన హుషారుకొద్దీ మరీ లోతుకి దించాడు. పైనంతా ఎర్రమట్టి, అడుగున మాత్రం నల్లటి జిగటమన్ను తగిలింది. మూసిపెట్టిన గదిలో తడిబట్టలు మరిచిపోతే వచ్చే వాసన దానిది. వానలకి గోడలు జారి, పెట్టె ఆ మన్నులో కూరుకుపోయి, ఎంత లాగినా రాలేదు. చివరికి ఖాళీ పెట్టెనే అలా వదిలేసి, పూడ్చి, నాలుగడుగులు ఇవతల కొత్త గొయ్యి తవ్వుకున్నాం. గొట్టం మాత్రం పైకి నిలబడే ఉంది. దాన్ని పీకెయ్యమని నేను పోరుతూనే ఉన్నాను, రేపు చూద్దామని ఆయన అంటూనే ఉన్నాడు.

ఆ గొట్టంలోకి మూతి పెట్టి బొంగరం ఫోన్ ఆట ఆడుకుంది. "హలో... నన్ను ఎత్తుకో. అమ్మ ఎత్తుకోట్లేదు" అని చాడీలు చెబుతుంటే వినిపించింది. నవ్వొచ్చింది, కాస్త మనసు చివుక్కుమంది కూడా. లేచి వెళ్లే ఓపిక లేక ఊరుకున్నాను.

చివరి బేరం కొత్తగా పెళ్లయిన జంట. పడుకుంటానన్నది ఆ అమ్మాయి. మొగుడు పైన నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తూ, బయటికొచ్చాక మొదట నాతో పోట్లాడుతుంది చూడండక్కా అని జోకులేస్తున్నాడు. మట్టి పడుతున్నకొద్దీ జోకులు తగ్గాయి. వీడియోకి అడ్డంగా ఉందని నా స్టూలు ఎత్తి కాస్త అవతల పెట్టాడు. నేను మొహం కడుక్కుని వచ్చి, ఎప్పటిలాగే స్టూలు మీద కూలబడి, పక్కనున్న గొట్టం మీదికి వంగాను. ఎండ దిగిపోతోంది. కళ్లు వాటంతటవే మూతలు పడుతున్నాయి. ధైర్యం మాటలేవో చెప్పాను. ఏం చెప్పానో నాకే తెలీదు, రోజూ చెప్పేవే. లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. కొందరు అంతే, నోరు మెదపరు.

టైమవుతోందని మా ఆయన సైగ చేశాక అడిగాను.

"బయటికొచ్చాక మొదట ఏం చేస్తావమ్మా?"

లోపల ఏదో తడిగా కదిలింది. నోరు ఎండిపోయిన మనిషి మాట వెతుక్కుంటున్నట్టు... మెల్లగా...

"పాపని ఎత్తుకుంటా."

నాకు ముచ్చటేసింది. నిజం చెప్పాలంటే హమ్మయ్య అనిపించింది. పొద్దుట్నుంచీ నేను చెయ్యలేని పని ఇంకెవరో చేస్తామంటే ఎవరికి చేదు? మా ఆయనకి చెయ్యి ఊపాను. ఆయన మట్టి లాగి, పట్టా తీసి, మూత తెరిచాడు. ఆ అమ్మాయి చెమటతో తడిసి, నవ్వుతూ నిచ్చెనెక్కి వచ్చింది. మొగుడు చెయ్యందిస్తే అతన్ని పట్టుకుని నిలబడింది.

ఇప్పుడు మా పాపని ఎత్తుకోవాలిగా మరి అని బొంగరాన్ని ముందుకి తోశాను. ఆ అమ్మాయి నావైపు అర్థంకానట్టు చూసింది.

"నన్నెవరూ ఏం అడగలేదక్కా. అడుగుతారని ముందే చెప్పారు కదా, జవాబు కూడా తయారుగా పెట్టుకున్నా. ఒక్క మాటా వినపడలేదు."

నేను వెనక్కి తిరిగి స్టూలు చూశాను. అది పాత గొయ్యి గొట్టం పక్కన ఉంది.

ఆ జంట ఎప్పుడు వెళ్లారో, నేను వాళ్లకి ఏం చెప్పి పంపానో గుర్తులేదు. బొంగరాన్ని మా సామాన్ల షెడ్డులో కూర్చోబెట్టి, కదిలావంటే ఊరుకోనని చెప్పి, ఆ గొట్టం దగ్గరికి వెళ్లాను. నిద్రమత్తులో ఏదో విన్నాననుకుందామని చూశాను. వంగగానే ఆ వాసన కొట్టింది... తడిబట్టల వాసన... లోపల గాలి ఆడట్లేదు. అయినా నా చెంపకి ఏదో వెచ్చగా తగిలింది. ఊపిరిలాగా.

"ఎవరు?" అన్నాను.

"అడిగావుగా... తియ్యి."

వెనక్కి పడ్డాను. మా ఆయన పార పడేసి పరిగెత్తుకొచ్చాడు. ఏమైందే అంటే నేను గొట్టం వైపు చూపించాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని చెవి ఆనించాడు. విన్నాడు. ఇంకా విన్నాడు. లేచి, నా మొహం చూడకుండా, నీళ్లు ఊరుతున్న చప్పుడంతే అన్నాడు. అని ఊరుకుంటే నమ్మేదాన్నేమో. ఇన్నాళ్లూ రేపు రేపు అన్న మనిషి, అప్పటికప్పుడు గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపడం మొదలుపెట్టాడు.

గొట్టం ఊడొచ్చింది. దాన్ని నేలకేసి కొడితే లోపల్నుంచి నల్లమన్ను చేంతాడులా పొడుగ్గా జారిపడింది. గొట్టం నిండా అదే. అది చూసి ఆయన మొహంలోకి కాస్త రంగొచ్చింది.

"చూశావా, ఎప్పుడో పూడుకుపోయింది. ఇందులోంచి మాటెలా వస్తుంది? నువ్వు బాగా అలిసిపోయావు, అంతే."

నేనూ అలాగే అనుకోవాలని గట్టిగా ప్రయత్నించాను. ఆయన ఆ కన్నంలో ఎర్రమట్టి పోసి, కాలితో తొక్కి, పైన లారీ టైరు దొర్లించి పెట్టాడు. కుళాయి నీళ్లతో మోచేతులదాకా కడుక్కున్నాడు. నేనా నల్లమన్ను ముట్టుకోనేలేదు. గేటు బయట స్కూటరెక్కాం. బొంగరం మా ఇద్దరి మధ్య, దాని వీపు నా పొట్టకి ఆనుకుని. దారంతా అది ఎత్తుకోమని ఒక్కసారి కూడా అడగలేదు. అలిసిపోయిందనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుగుంది. రేపట్నుంచి ఆ స్థలానికి వెళ్లొద్దని, ఇంకేదైనా పని చూసుకుందామని అన్నాను. ఆయన కుర్చీలో వాలి కళ్లు మూసుకున్నాడు. నేను వేడినీళ్లు తోడి, బొంగరాన్ని స్నానానికి తీసుకెళ్లి టబ్బులో నిలబెట్టి గౌను విప్పాను.

దాని రెండు చంకల కిందా నల్లటి జిగటమన్ను.

ఇంకా తడిగా ఉంది. వేళ్ల గుర్తులు విడివిడిగా తెలుస్తున్నాయి, బొటనవేళ్లు ముందు, మిగతావి వెనక. పిల్లని ఎదురుగా నిలబడి ఎత్తుకుంటే ఎలా పడతాయో అలా. పైన గౌను మాత్రం శుభ్రంగా ఉంది. మగ్గుతో నీళ్లు పోసి రుద్దాను, సబ్బేసి రుద్దాను. నీళ్లు నల్లబడ్డాయి కానీ గుర్తులు పోలేదు. రుద్దినచోటే మళ్లీ ఊరుతున్నాయి. ఆ వాసన గదంతా...

ఏడుపు ఆపుకుని అడిగాను. "బొంగరం... నిన్ను ఎవరు ఎత్తుకున్నారే?"

అది నా భుజం మీదుగా ఎటో చూస్తూ, నిద్రమొహంతో చిన్నగా నవ్వింది.

"ఇంకా దించలేదుగా."

మగ్గు వదిలేసి, దాన్ని రెండు చేతులా పట్టుకుని ఎత్తాను. పొద్దుట్నుంచీ నడుం పట్టేసి కర్ర కింద పడితే వంగి తియ్యలేనిదాన్ని. నొప్పి తెలియలేదు. పాప పైకి లేచింది, నా గుండెలకి ఆనుకుంది, తల నా భుజాన పెట్టుకుంది. ఇంకా గట్టిగా పొదువుకున్నాను.

బరువు మాత్రం నా చేతుల్లోకి రాలేదు.